అప్‌డేట్: రెండో తరగతి పాప ప్రోగ్రెస్ ఎలా రాసుకోవాలని అడిగాను కదా

ఒక్క పాపకే ట్యూషన్ చెబుతున్నాను, మెరుగవుతోందో లేదో తెలియడం లేదని మూడు నెలల కిందట అడిగాను. మార్కులు కాదు, తప్పులు రాసుకోమన్నారు మీలో కొందరు. అలాగే చేశాను. వారానికోసారి కొత్త పేరా ఇచ్చి 1 నిమిషం చదివిస్తాను. సరిగ్గా చదివిన పదాలే లెక్క. మొదటి వారం 31, ఇప్పుడు 44. మధ్యలో ఒకసారి 29కి పడిపోతే నాకు ఒకటే టెన్షన్! ఆ రోజు జలుబట, అంతే.

అసలు లాభం తీసివేతల్లో కనిపించింది. 52లోంచి 27 తీసేయమంటే 35 వేసేది. పరధ్యానం అనుకున్నాను. నోట్‌బుక్ తిరగేస్తే ప్రతిసారీ అదే తప్పు: 2లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7లోంచి 2 తీసేస్తోంది. పది పుల్లల కట్ట విప్పించి చూపించాక తగ్గింది. ఒత్తుల దగ్గర మాత్రం ఇంకా తడబడుతూనే ఉంది.