రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు తీసేస్తే పికప్ పెరుగుతుందా?

అమలాపురం నుంచి:
నా పాత పెట్రోల్ కారుకి పికప్ తగ్గిందని చూపిస్తే, మెకానిక్ ఫ్యూయల్ రెగ్యులేటర్‌కి (పెట్రోలు ప్రెషర్‌ని అదుపులో ఉంచే భాగం) వచ్చే సన్న రబ్బరు వాక్యూమ్ పైపు పీకి, ఇంజిన్ వైపు బిరడా కొట్టాడు. ప్రెషర్ పెరిగిందన్నాడు. రావులపాలెం దాకా వెళ్లొచ్చాను. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) పొగ పెట్రోలు వాసన కొడుతోంది, అంతకుమించి తేడా లేదు. ఇలా వదిలేయొచ్చా అండి?

భీమవరం నుంచి:
టెన్షన్ పడకండి. మా కొత్త కారుకి అసలు ఆ పైపే లేదు. రెగ్యులేటర్ ట్యాంకులో పంపు దగ్గరే ఉంటుంది, ఎప్పుడూ ఒకటే ప్రెషర్. బాగానే నడుస్తోంది కదా. పెట్రోలు ఎక్కువైతే, పొగలో ఆక్సిజన్‌ని కొలిచే ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటరే తగ్గిస్తుంది.

పాలకొల్లు నుంచి:
వదిలేయొద్దండి. మన తూములే చూడండి. కాలువ నిండుగా ఉన్నా అవతల బోదె కూడా నిండితే నీరు మెల్లగా పారుతుంది, బోదె ఎండితే దూకుతుంది. లెక్క రెండు మట్టాల తేడాది. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరూ అంతే. ఒకవైపు రైలులో (ఇంజెక్టర్లకి పెట్రోలు అందించే గొట్టం) పెట్రోలు, ఇంకోవైపు మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి). ఐడిల్‌లో థ్రాటిల్ (గాలిని ఆపే మూత) మూసి ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్‌లో ఒత్తిడి బయటి గాలికన్నా సుమారు 0.6 బార్ తక్కువ. ఆ సంగతి రెగ్యులేటర్‌లోని డయాఫ్రమ్‌కి (పల్చటి పొరకి) అందించేది ఆ పైపే. అప్పుడు రెగ్యులేటర్ రిటర్న్ లైన్‌లోకి (ట్యాంకుకి తిరిగి వెళ్లే పైపు) ఎక్కువ పెట్రోలు వదిలి, బయటి గాలికన్నా 3 బార్ ఎక్కువ ఉండే రైలు ప్రెషర్‌ని 2.4కి దించుతుంది. తేడా 3 దగ్గరే నిలుస్తుంది. పైపు తీస్తే తేడా 3.6 అవుతుంది. పారకం వర్గమూలం లెక్కన పెరుగుతుంది, అంటే దాదాపు 10 శాతం ఎక్కువ పెట్రోలు. ఆ వాసన దానిదే అయ్యుండాలి.

పికప్ సంగతా? యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు వాక్యూమ్ దాదాపు ఉండదు. పైపు ఉన్నా లేకపోయినా రైలులో అదే 3 బార్. బలం కావలసిన చోట చుక్క కూడా అదనంగా రాదు!

కొత్త కార్లలో మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి కంప్యూటరే ఇంజెక్టర్ తెరిచే సమయాన్ని సరిచేస్తుంది. అమలాపురం గారి కారులో ఆ పని పైపుది.

భీమవరం నుంచి:
మరి ఆక్సిజన్ సెన్సర్?

పాలకొల్లు నుంచి:
వేడెక్కాక కొంతవరకు సర్దుతుంది, ఒప్పుకుంటాను. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు అది పనిచేయదు కదండీ. అమలాపురం గారూ, ఇంజిన్ ఆపి పైపు లోపల చూడండి. పెట్రోలు తడి ఉంటే డయాఫ్రమ్ చినిగినట్టే, రెగ్యులేటర్ మార్చాలి. పొడిగా ఉంటే పైపు తగిలించి, రైలుకి గేజ్ పెట్టించండి. గట్టిగా తొక్కినప్పుడు ప్రెషర్ పడిపోతే ముందు ఫిల్టర్, తర్వాత పంపు చూడాలి.

అమలాపురం నుంచి:
చూశానండి, పొడిగానే ఉంది. తగిలించాను, వాసన తగ్గింది. రేపు గేజ్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్తాను.