ఒకే అంతస్తులో రెండు అద్దెలు: బ్రిటన్ కౌన్సిల్ ఇళ్ల గురించి ఒక సందేహం

ప్రశ్న

నేను వర్క్ వీసా మీద బర్మింగ్‌హామ్ వచ్చి మూడేళ్లయింది. మేము అద్దెకుంటున్నది ఒకప్పటి కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) ఫ్లాటేననీ, అందులో అద్దెకున్నవారే దాన్ని కొనుక్కుని తరువాత అమ్మేయగా ఇప్పటి యజమాని చేతికి వచ్చిందనీ ఈ మధ్యనే తెలిసింది. ఎదురింటి పెద్దావిడ మాత్రం నేటికీ కౌన్సిల్‌కే అద్దె కడుతున్నారు. గదుల కొలతలు ఒకటే అయినా, ఆమె కట్టేది మా అద్దెలో సగం కూడా ఉండదు. ఎన్నికల వేళ తలుపు తట్టిన అభ్యర్థులందరూ ఇళ్ల గురించే మాట్లాడారు కానీ, ఈ తేడా ఎలా వచ్చిందో ఒక్కరూ విడమరచి చెప్పలేదు. తెలిసినవారు చెప్పగలరా? కౌన్సిల్ ఇంటి కోసం మేము కూడా పేరు నమోదు చేసుకోవచ్చునా?

మొదటి సమాధానం

మీ ఫ్లాటు కథ 1980 నాటి హౌసింగ్ యాక్ట్‌తో మొదలవుతుంది. అంతకుముందు ఇళ్లు కట్టించడంలో రెండు ప్రధాన పార్టీలూ పోటీపడేవి. 1945 తరువాత లేబర్ మంత్రి అనూరిన్ బెవన్ కౌన్సిల్ ఇళ్లు విశాలంగా, నాణ్యంగా ఉండాలని పట్టుబట్టారు. ఏటా 3 లక్షల ఇళ్లు కట్టిస్తామన్న కన్జర్వేటివ్‌ల హామీని వారి గృహనిర్మాణ మంత్రి హెరాల్డ్ మాక్‌మిలన్ 1953లో నెరవేర్చారు, వాటిలో అధికభాగం కౌన్సిళ్లు కట్టినవే.

మార్గరెట్ థాచర్ కన్జర్వేటివ్ ప్రభుత్వం తెచ్చిన 1980 చట్టం, మూడేళ్లు అద్దెకున్నవారికి తాము ఉంటున్న ఇంటిని 33 శాతం తగ్గింపుతో కొనుక్కునే ‘రైట్ టు బై’ హక్కునిచ్చింది. ఎక్కువ కాలం ఉన్నవారికి ఆ తగ్గింపు 50 శాతం దాకా పెరిగేది. ఫ్లాట్ల విషయంలో 1986లో దాన్ని 70 శాతానికి పెంచారు. అమ్మకాల సొమ్మును కౌన్సిళ్లు స్వేచ్ఛగా కొత్త ఇళ్లకు ఖర్చు పెట్టకుండా ప్రభుత్వాలు ఆంక్షలు విధించాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. పోయిన ఇంటి స్థానంలో మరో ఇల్లు లేవలేదు. 1997లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం తగ్గింపులను కుదించిందే తప్ప హక్కును రద్దు చేయలేదు కనుక, నింద ఒక్క పార్టీదే అనడం నాకు న్యాయంగా తోచదు. స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఈ హక్కును ఎత్తివేశాయి. ఇంగ్లాండ్‌లో మాత్రం అది నేటికీ ఉంది, 2024 నవంబరులో తగ్గింపులను బాగా కోసివేశారంతే.

రెండో సమాధానం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ముప్పై ఏళ్లు అద్దె కట్టిన ఫ్యాక్టరీ కార్మికునికి ఆ ఇల్లు సొంతం కావడాన్ని తప్పుగా చూడలేను. థాచర్‌కు శ్రామికవాడల్లో ఓట్లు తెచ్చిన కారణాల్లో అదొకటి, లేబర్ ఆ హక్కును ముట్టుకోవడానికి జంకిందీ అందుకే.

మరో అపోహ గురించి కూడా చెప్పాలి. మీ పొరుగావిడ అద్దె తక్కువ కాబట్టి ఆ లోటును మనమందరం కౌన్సిల్ ట్యాక్స్ (ఇళ్ల మీద స్థానిక పన్ను) రూపంలో భరిస్తున్నామని చాలామంది అనుకుంటారు. ఇళ్లున్న కౌన్సిళ్లు అద్దెల రాబడికి, మరమ్మతులకు, ఇళ్ల అప్పులకు ఒక ప్రత్యేక ఖాతా నిర్వహించాలి. చట్టం ప్రకారం ఆ ఖాతాకూ సాధారణ నిధులకూ మధ్య గోడ ఉంటుంది. ఆ ఖాతా మీద ఇళ్ల కోసం తీసుకునే అప్పుకున్న పరిమితిని 2018లో తొలగించారు. ఇదే పని ముప్పై ఏళ్ల ముందు చేసి ఉంటే నేటి వెయిటింగ్ లిస్టులు ఇంత పొడవుండేవి కావని నా అభిప్రాయం.

మూడో సమాధానం

మీ రెండో ప్రశ్నకు జవాబు: సాధారణంగా వర్క్ వీసాకు ప్రభుత్వ నిధుల సాయం పొందరాదనే షరతు ఉంటుంది, కాబట్టి ఆ వీసా మీద ఉన్నంతకాలం కౌన్సిల్ ఇంటికి మీరు అర్హులు కారు. శాశ్వత నివాస అనుమతి వచ్చాక దరఖాస్తు చేయవచ్చు, కానీ ఇల్లు దక్కడం మీ అవసరం, స్థానిక నిబంధనల మీద ఆధారపడుతుంది.

ఓటు సంగతి వేరు. కామన్‌వెల్త్ పౌరులుగా ఇక్కడ నివసించే భారతీయులు, వీసా మీద ఉన్నా, స్థానిక ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి; పోలింగు కేంద్రంలో చూపించడానికి భారతీయ పాస్‌పోర్టు చాలు. కౌన్సిలర్లు నిర్ణీత వేళల్లో ప్రజలను కలిసే కార్యక్రమాన్ని ఇక్కడ ‘సర్జరీ’ అంటారు (ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేనూ ఆపరేషన్ అనే అనుకున్నాను). అక్కడికి వెళ్లి, మన కౌన్సిల్ గత పదేళ్లలో ఎన్ని ఇళ్లు అమ్మింది, ఎన్ని కట్టింది అని అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మీరెందుకు కొనలేదని నిన్న ఎదురింటి ఆవిడను అడిగాను. కొన్న రోజు నుంచి పైకప్పు బాగుచేసినా, లిఫ్టు మార్చినా వాటా బిల్లు తన పేరిట వస్తుందని, పింఛనుతో అది తనవల్ల కాదని అన్నారు. మా యజమానికి అలాంటి బిల్లు వస్తే అది చివరికి ఎవరి అద్దెలో కలుస్తుందో ఊహించుకుంటూ ఇంటికి వచ్చాను.