గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు గెలిచారు సరే, ఇల్లెందుకు ఏం ఒరిగింది?

ఖమ్మం మిర్చి:
సైకిల్ ఎమ్మెల్యే, బస్సు ఎమ్మెల్యే అంటూ ఇల్లెందు మాజీ ఎమ్మెల్యే నర్సయ్య గారి ఫొటో వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది, కింద వరసగా దండాలు. ఆయన నిజాయితీ మీద నాకు అనుమానమే లేదు. కోయ కుటుంబంలో పుట్టి 1983, 85, 89, 99, 2004లో గెలిచారు, జీతం తన కమ్యూనిస్టు పార్టీకే ఇచ్చేశారు, ఒప్పుకుంటా. కానీ మనకు కావాల్సింది ఎమ్మెల్యేనా, సాధువా? ఏనాడూ అధికార పార్టీలో లేని మనిషిని అన్నిసార్లు గెలిపించి ఇల్లెందు నష్టపోయిందనే నేనంటా. 1889లో బొగ్గు తవ్వడం మొదలైంది ఇక్కడ, సింగరేణి హెడ్డాఫీసేమో కొత్తగూడెంలో.

బొగ్గుట్ట పిల్లగాడు:
అన్నా, హెడ్డాఫీసు కొత్తగూడెం పోయింది ఆయన ఎమ్మెల్యే కావడానికి చాలా ఏళ్ల ముందు, అది కూడా ఆయన ఖాతాలోనేనా? అధికార పార్టీ ముచ్చటే చూద్దాం. 2014లో కోరం కనకయ్య గారు, 2018లో హరిప్రియ గారు, ఇద్దరూ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచి అధికారంలో ఉన్న టీఆర్ఎస్‌లోకి పోయారు. బయ్యారం మన నియోజకవర్గంలోనే ఉంది కదా, అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమేమో చూడమని 2014 విభజన చట్టంలో రాశారు, బయ్యారంలో వచ్చిందా మరి?

ఖమ్మం మిర్చి:
బయ్యారం కేంద్రం చేతిలో ఉన్న పని, దాన్ని తెచ్చి ఇక్కడ కలపకు. నేనడిగేది రోడ్లు, కాలేజీలు.

తునికాకు:
ఈ థ్రెడ్‌లో రోడ్ల లెక్కలే నడుస్తున్నాయి కాబట్టి ఇంకో లెక్క చెప్తా. మా అమ్మ ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసేది. తెల్లారకముందే అడవికి పోయి, ఎండెక్కేసరికి మూటతో వచ్చి, గడపలో కూర్చుని 50 ఆకులు పేర్చి నారతో కడితే ఒక కట్ట. సాయంత్రం ఆకు కొనే కల్లానికి తీసుకెళ్తే అక్కడి గుమాస్తా, కల్లేదారు, వంద కట్టలకు ఇన్నని కొసరు పక్కకు లాగేవాడు, ఇదేందని అడిగితే ఆకు చిన్నదని కట్ట విప్పి విసిరేసేవాడు. నర్సయ్య గారి పార్టీ సంఘం వాళ్లు వచ్చి కల్లం దగ్గర నిలబడ్డాకే మా ఊళ్లో కొసరు ఆగింది, కట్ట రేటూ పెరిగింది. దీనికి శిలాఫలకం ఎక్కడ వేస్తారు? అంతా నర్సయ్య గారే చేశారని అనను, కానీ సంఘం మనిషి అసెంబ్లీలో ఉన్నాడంటే పోడు దగ్గరికొచ్చే ఫారెస్టోళ్ల గొంతు కొంచెం తగ్గేది.

లెక్కల మాస్టారు:
ఆయన వరసగా ఏం గెలవలేదు, ఇది చాలామంది మర్చిపోతారు. 1994లో తెలుగుదేశం గాలిలో, వాళ్లతో పొత్తున్న సీపీఐ తరఫున ఊకె అబ్బయ్య గారు గెలిచారు. 2009లో మళ్లీ అదే అబ్బయ్య గారు, ఈసారి తెలుగుదేశం టికెట్ మీద. అంటే ఇల్లెందు జనం కళ్లు మూసుకుని ఓటేశారనేది తప్పు. ఇక నిధుల మాటకొస్తే, ప్రతిపక్షంలో ఒంటరిగా కూర్చున్న ఎమ్మెల్యే మైకు దొరికితే అడుగుతాడు, అంతే, సంతకం పెట్టేది మంత్రి. ప్రతిపక్షాన్ని గెలిపించిన పాపానికి నియోజకవర్గాన్ని ఎండబెట్టేవాళ్లను వదిలేసి ఆ ఎమ్మెల్యేను నిలదీయడం నాకు వింతగానే ఉంది.

ఖమ్మం మిర్చి:
అంత మేలు చేస్తే 2009 తర్వాత ఒక్కసారైనా ఎందుకు గెలిపించలేదు మాస్టారూ?

లెక్కల మాస్టారు:
2013లో ఆయన పార్టీ సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ చంద్రన్న వర్గం, రాయల వర్గం అని రెండు ముక్కలైంది, ఉన్న ఓటే చీలింది. దానికి తోడు ఎన్నికల ఖర్చు ఎక్కడికి పోయిందో మీకూ తెలుసు. కొత్త తరాన్ని తయారు చేసుకోలేకపోవడం మాత్రం వాళ్ల తప్పే, అది నేనూ ఒప్పుకుంటా.

ఖమ్మం మిర్చి:
ఖర్చు మాట నిజమే. నా వాదన నాదే అనుకోండి, రోడ్డు రోడ్డే. తునికాకు గారూ, ఒక్కటి అడుగుతా, ఆ కల్లేదారు వందకు ఎన్ని లాగేవాడు?

తునికాకు:
ఐదు. మా అమ్మ నోరు తెరిస్తే పది.