కాజా అంటే రంధ్రమా, దారపు ఉచ్చా?

ఒంగోలు దర్జీ:
చొక్కా పట్టీని కోసి, అంచు కుట్టి, బొత్తం దూరేలా చేసే రంధ్రమే కాజా. జాకెట్టు హుక్కు తగిలించడానికి వేసే దారపు ఉచ్చును కూడా కాజా అనడం తప్పు వాడుక. అసలు ఆ మాట తినే కాజా నుంచి వచ్చిందని మా పెద్దాయన చెప్పేవారు.

కావలి కుట్టుపని:
తప్పేమీ కాదన్నా. ఇంటి దగ్గర హుక్కులు, కాజాలు కుట్టుకునే మాకందరికీ అది కాజాయే. చేసే పని చూడండి. చొక్కాకైతే కోసిన అంచు పీచు లేవకుండా వరసగా ముడులు వేస్తాం. జాకెట్టుకైతే ముందు రెండు మూడు పోగులు వేసి, వాటి చుట్టూ అవే ముడులు వేసుకుంటూ పోతాం. రెండూ కాజా కుట్టే.

తినే కాజాతో దీనికి చుట్టరికం లేదు. అది సంస్కృత ‘ఖాద్యం’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. మన కాజా పోర్చుగీసు మాట ‘కాసా’. రాతలో స ఉన్నా పలకడం ‘కాజ’కు దగ్గరగా ఉంటుంది. మొదటి అర్థం ఇల్లు. బొత్తం పట్టే చోటునూ వాళ్లు అదే మాటతో పిలుస్తారు. మన బొత్తమూ వాళ్లదే, ఇల్లు కట్టే మేస్త్రీ కూడా వాళ్ల ‘మెస్త్రె’. కాబట్టి బొత్తమైనా హుక్కైనా వెళ్లి కుదురుకునే చోటు కాజా అవుతుంది.

కందుకూరు:
పోర్చుగీసు దాకా ఎందుకక్కా? హిందీలో కాజ్ ఉందిగా. హైదరాబాదు వైపు నుంచి వచ్చుంటుంది.

కావలి కుట్టుపని:
హిందీ కాజ్ కూడా ఆ కాసాయే తమ్ముడూ. అక్కడ చివరి అచ్చు పోయింది. మన దగ్గర, తమిళుల దగ్గర ‘కాజా’ అనే నిలిచింది. అందుకే నాకు సముద్రతీరం దారే నమ్మకంగా ఉంది. 1500ల మొదట్లోనే పోర్చుగీసు వర్తకులు పులికాట్‌లో దిగారు. ఆ రేవుకు పేరు తెచ్చింది బట్టల వ్యాపారమే. ఆ రేవున్న పులికాట్ సరస్సు మన పాత నెల్లూరు జిల్లాలో తడ, సూళ్లూరుపేట వైపు పరుచుకుని ఉంది.

ఒంగోలు అన్నా, నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ‘ఇవి కాజాలు కావు, ఉత్త ఉచ్చులు’ అంటూ కూలి తగ్గించే షాపులున్నాయి. చొక్కా కాజాకు మిషన్ వచ్చేసింది. జాకెట్టు కాజాను మేం ఇంకా చేత్తోనే కుడుతున్నాం, హుక్కు జారకుండా సన్నగా, గట్టిగా రావాలంటే కళ్లు లాగేస్తాయి. మీ షాపులో జాకెట్టు కాజాలకు కూలి ఎట్లా కడుతున్నారు?