మల్లన్న పేరు ఎక్కడిది: మల్లెపూవా, కొండా, మల్లాసురుడా?

కొండగాలి:
మా తాత మల్లయ్య, నాన్న మల్లేశం, నేను సర్టిఫికెట్లలో మల్లికార్జున్. తరం మారేకొద్దీ పేరు సాగింది! మల్లన్న అంటే మల్లికార్జునకు పొట్టిపేరే అంటారంతా. నాకు తిరగేసి అనిపిస్తుంది. మల అంటే కొండ, శ్రీశైలం ఉన్నది నల్లమలలో. కొండదేవుడు మలన్న కాస్తా మల్లన్న అయ్యాడు, సంస్కృతం పేరు తర్వాత తొడిగారు. ఏమంటారు?

శాసనప్రియ:
మరి లకు ఒత్తు ఎలా వచ్చిందండీ? తిరుమలయ్య, తిరుమలరావు అంటాం. తిరుమల్లయ్య అనం కదా. చంద్రవతి అనే రాజకుమార్తె మల్లెలతో శివుణ్ణి పూజించిందన్న స్థలపురాణమే నయం.

మద్దిచెట్టు:
ఆ కథలో మల్లిక దొరికింది, అర్జున ఏడీ? పాండవుడు కాదు, అర్జునమంటే మద్దిచెట్టు. తమిళనాట తిరువిడైమరుదూరు శివుడు మధ్యార్జునుడు, మరుదు అన్నా మద్దే. శ్రీశైలం, ఆ ఊరు, తిరుప్పుడైమరుదూరు కలిపి మూడు అర్జున క్షేత్రాలంటారు. మద్దిని అల్లుకున్న మల్లెతీగ అనుకోండి, సరిపోతుంది.

ఒగ్గుడోలు:
అందరూ శ్రీశైలం దగ్గరే ఆగిపోయారు. తెలంగాణలో మల్లన్న గుళ్లున్న కొమురవెల్లి, ఐనవోలు సంగతేంటి? పసుపు, కుంకుమ, రంగుపొడులతో నేలమీద పట్నం అనే ముగ్గు వేసి ఒగ్గు పూజారులు పాడేది బలిజ మేడలమ్మను, గొల్ల కేతమ్మను పెళ్లాడిన మల్లన్న కథ. అక్కడ పసుపును బండారి అంటాం. మహారాష్ట్రలో జేజూరి దేవుడు ఖండోబాకు చల్లేదీ భండారాయే. ఆయనకు ఇంకో పేరు మల్హారి, మల్లుడనే రాక్షసుణ్ణి చంపినందుకట. కర్ణాటకలో మైలారుడు. ఓరుగల్లు వీధుల్ని చూపించే పాత తెలుగు వీథినాటకం క్రీడాభిరామంలోనూ ఆయన భక్తులు మైలార భటులు కనిపిస్తారు. మల్లన్న మూలం ఈ గొల్ల కురుమల దేవుడిలో వెతకాలి.

శాసనప్రియ:
అంటే పిల్లాడికి మల్లన్న అని పెడితే రాక్షసుడి పేరు పెట్టినట్టేగా! మల్హారిలో చివర ఉన్న 'అరి', అంటే శత్రువు, ఎటుపోయింది?

ఒగ్గుడోలు:
రాక్షసుడే పేరు తర్వాత పుట్టాడని నా అనుమానం. మల్హారిని విడగొట్టి అర్థం చెప్పబోతే మధ్యలో ఒక మల్లుడు కావలసొచ్చాడు. మీ మల్లెపూల కథా అదే బాపతు.

కొండగాలి:
ఒత్తు సంగతి పక్కన పెట్టినా, పొట్టిపేరు వాదన నాకు ఎక్కట్లేదు. మల్లయ్య, మల్లేశం, మల్లారెడ్డి, మల్లమ్మ... ఎందులోనూ అర్జున జాడ లేదు. సంస్కృత కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల పండితుడు కూడా మల్లినాథుడే. మద్దిచెట్టు గారూ, చెట్టు అంత ముఖ్యమైతే ఇన్ని పేర్లలో ఒక్కదానికైనా అంటుకోలేదేం?