జూలైలో క్రిస్మస్ రికార్డులు

ప్రశ్న: ఒహాయోలో ఉంటాను. మొన్న శనివారం ఒక గ్యారేజీ సేల్‌లో, ఎండలో పెట్టిన అట్టపెట్టె నిండా క్రిస్మస్ పాటల ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) దొరికాయి. ఒక్కోటి పావు డాలరే. జూలైలో వాటినెవరు అడుగుతారు! టైర్ల కంపెనీ గుడ్‌ఇయర్ 1961 నుంచి డాలరుకు అమ్మిన వరుసలోవి మూడున్నాయి. ఒకటి మాత్రం అప్పడంలా వంగింది. సూది ఎగిరెగిరి పడుతోంది. అడుగున రెండు 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు) కూడా ఉన్నాయి. ఎలా తుడవాలి? కంప్యూటర్‌లోకి ఎక్కించి పంచవచ్చా?

జవాబు: 78లు లక్కవి. స్పిరిట్ తగిలితే పాడైపోతాయి. వంగినదాన్ని రెండు అద్దపు పలకల మధ్య, బరువు పెట్టి ఉంచండి. ఓవెన్ జోలికి పోవద్దు. నేను పోయాను, గిన్నె తయారైంది.

మరో జవాబు: అమెరికాలో 1922 వరకు విడుదలైన రికార్డింగులకు 2022లోనే హక్కులు తీరిపోయాయి. అవి నిక్షేపంగా పంచవచ్చు. ఎల్పీలు కుదరవు.

అడిగినవారు: స్పిరిట్ సీసాకు మూత పెట్టేశాను. అద్దాల కోసం పాత ఫోటో ఫ్రేములు విప్పుతున్నాను, మా ఆవిడ చూడకముందే.