న్యూజిలాండ్ నవ్వే గుడ్లగూబ, కోకాకో: కారణాల గడిలో ఏం రాయాలి?

బడి పిల్లల కోసం పక్షుల చార్టు వేస్తున్నాను. ఒకవైపు అంతరించిన నవ్వే గుడ్లగూబ, ఇంకోవైపు పాటల పక్షి నార్త్ ఐలండ్ కోకాకో. పొడవు రెండింటిదీ ఇంచుమించు ఒకటే, 38 సెం.మీ. దగ్గర. బరువులోనే తేడా అంతా: గుడ్లగూబ 600 గ్రాములు, కోకాకో 230.

ఎందుకు తగ్గాయో రాసే గడిలో కోకాకోది నిండిపోయింది. ఓడ ఎలుకలు, పోసమ్‌లు (చెట్లెక్కే సంచి జంతువులు) గుడ్లూ పిల్లలనే కాదు, పొదిగే తల్లినీ చంపుతాయి. వాటిని అదుపు చేశాక, 1999 ప్రాంతంలో సుమారు 330 ఉన్న జతలు ఇప్పుడు 2000 దాటాయి.

చిక్కంతా గుడ్లగూబతోనే. 1914లో సౌత్ ఐలండ్‌లోని కాంటర్‌బరీ ప్రాంతంలో, బ్లూక్లిఫ్స్‌లో చచ్చి దొరికిందే చివరిది. రాతి నెర్రెల్లో గుడ్లు పెట్టేది కాబట్టి, 1880లలో కుందేళ్ల మీదకి వదిలిన స్టోట్‌లకు (మన ముంగిసలాంటివి) చిక్కిందంటారు. కానీ అది శతాబ్దాలుగా తిన్న కియోరే ఎలుకలు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే సౌత్ ఐలండ్‌లో చాలాచోట్ల మాయమయ్యాయి. వికీపీడియా, మ్యూజియం పేజీలు తిరగేశాను, ఏది ముందో తేలలేదు. దాని స్థావరాల్లో దొరికిన ఎముకల వివరాలూ చూశాను. ఏం తినేదో తెలిసింది, ఎందుకు పోయిందో తెలియలేదు.

స్టోట్‌లు రాకముందే సౌత్ ఐలండ్‌లో ఈ గుడ్లగూబలు తగ్గడం మొదలైందని చూపే రికార్డు ఏదైనా మీకు తెలుసా?